లేచిన చోటు

డాక్టరు నడవమన్నాడు కాబట్టి
ఆరు కాకముందే కంఠీరవ స్టేడియంలో ఉంటాను.
గంటకు పన్నెండు వేలు తీసుకుని
పెద్ద ఉద్యోగులకు దారి చెప్పే మనిషిని,
మూడో రౌండుకే రొప్పుతూ
ఇసక గుంట పక్క సిమెంటు మెట్టు మీద కూలబడతాను.

అక్కడ మునిరత్నమ్మ.
ముళబాగిలు వైపు మనిషి, రైల్వేలో రిటైరైంది.
మెడలో విజిలుంది గానీ ఊదగా నేనెప్పుడూ వినలేదు.
చేతిలో పొడుగు కర్రకు బిగించిన ఇనప దంతె.
పుష్కల పరిగెత్తుకొస్తుంది, ఎగురుతుంది, పడుతుంది,
తొడలకంటిన ఇసక దులుపుకుని వెనక్కి పోతుంది.
ఈవిడ వంగి గుంటంతా చదును చేస్తుంది,
అందులో ఇంతవరకూ ఎవరూ పడనట్టు.

నేను పడిన గుర్తు చూసి అబ్బా అంటాను.
ఆమె అటు చూడనే చూడదు.
ఆమె కళ్లు తెల్ల పలక మీద,
పలకకు ముందరి అడుగు మీద.
"పడిన చోటు అందరికీ కనబడ్తాది సార్.
లేచిన చోటు చూసేదానికే గదా నేనుండేది."

ఒకరోజు అడిగింది, మీరూ కోచే అంట గదా అని.
అవునన్నాను, కాస్త ఛాతీ విరిచి.
"మీవాళ్లు ఆడేది యాడ చూస్తారు?"
చూడనమ్మా. వాళ్లొచ్చి చెబుతారు, నేను వింటాను.
నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
"చూడకుండానా?" అని
దంతె కర్ర మీద గడ్డం ఆనించి
చాలాసేపు ఆలోచించింది,
నా తరఫున.

ఆ పగలు బెళ్లందూరు ట్రాఫిక్కులో
పద్నాలుగేళ్లు నెమరేసుకున్నాను.
ఎన్ని వందల మంది
పడ్డాక, ఇసక దులుపుకున్నాక, నా ఎదుట కూర్చుని
ఎలా ఎగిరారో చెప్పారు!
గాలి ఎదురొచ్చిందన్నారు, పలక జారిందన్నారు,
పైవాడెవడో సరిగ్గా అప్పుడే దగ్గాడన్నారు.
తలూపాను. బిల్లు వేశాను.
ఒక్కరి అడుగూ చూడలేదు.

సుచరితకు ఫోన్ చేశాను.
ఆరు నెలలుగా ఆమెది ఒకటే మాట,
నా టీములో ఎవరూ నోరు విప్పరు.
మంగళవారం మీటింగులో ఓ మూల కూర్చుంటాను,
మాట్లాడను, రాసుకోను, అన్నాను.
ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

అద్దాల గది. పదకొండు మంది. చల్లారిన కాఫీ.
"లాంచ్ వాయిదా వేద్దామా? మీరేమంటారు?"
చివర కూర్చున్న కుర్రాడు కుర్చీలో ముందుకు జరిగాడు,
పెదాలు తడుపుకున్నాడు, ఊపిరి తీశాడు.
"నాకైతే వద్దనిపిస్తోంది" అనేసింది సుచరిత.
కుర్రాడు ఆ ఊపిరిని
ఎవరికీ వినపడకుండా వదిలేశాడు.

గంటలో తొమ్మిది సార్లు.
తొమ్మిది సార్లూ కాలు పలక దాటింది.
ఎర్ర జెండా ఎత్తే చెయ్యి లేదు.

తర్వాత లిఫ్టు దగ్గర, నా సంచీ నిండా మాటలే,
దృక్పథం, నాయకత్వం, పరస్పర విశ్వాసం,
రంగుల కార్డులు కూడా.
మునిరత్నమ్మ పుష్కలకు పూటకొక్కటే చెబుతుంది.
"అడిగాక మనసులో ఏడు లెక్కపెట్టండి" అన్నాను.
"అంతేనా?"
ఆ పన్నెండు వేలకూ అంతేనా అన్నట్టు వినిపించింది.
అంతే.

పై మంగళవారం మెసేజి వచ్చింది:
నాలుగు దాకా రాగలిగాను. చచ్చేంత పొడుగండీ ఆ నాలుగు.
భేష్ అని రాసి చెరిపాను.
ఇంకా మూడు అని రాసి, అదీ చెరిపాను.
పాత తొమ్మిదీ నా మనసులో గుంటలు గుంటలుగా ఉన్నాయి,
ముందు వాటిని పూడ్చాలి.
వచ్చే వారం వచ్చి కూర్చుంటాను, అని మాత్రం పంపాను.

తెల్లారి మునిరత్నమ్మకు మోకాలు పట్టేసింది.
"ఊరికే కూచోని ఉండారు గదా, పట్టండి సార్" అని
దంతె నా చేతిలో పెట్టింది.
అనుకున్నంత తేలిక కాదు, ఇసక తడిసుంటే మరీను.
"మూలలు వదిలేస్తిరే."
మళ్లీ గీశాను.

దూరంగా, పరుగుబాట కొసన
పుష్కల చెయ్యెత్తింది.
నేను పక్కకు జరిగాను.